తలుపు మూసే ఉందని తెర చెప్పింది: యంత్రాలకు ప్రోగ్రాం రాసేవారికి బహిరంగ లేఖ

యంత్రాలను నడిపే ప్రోగ్రాంలు రాసే ఇంజనీర్లకు, వాటిని విడుదల చేయమని సంతకం పెట్టే మేనేజర్లకు,

నమస్కారం.

నేను 22 ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో కంట్రోల్ ప్యానెళ్లతో, యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ల (పీఎల్‌సీల) ప్రోగ్రాంలతో పనిచేస్తున్నాను. మీలో ఒకడినే. ఈ ఉత్తరం రాయడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. ముందు అదే చెప్తాను.

ఒక ప్యాకింగ్ లైను కమిషనింగ్, అంటే కొత్తగా బిగించి నడిపి సరిచూసే పని, జరుగుతోంది. పెట్టెల్ని పక్కకి తోసే, గాలి ఒత్తిడితో నడిచే న్యూమాటిక్ సిలిండర్ చుట్టూ జాలీ, జాలీకి ఒక తలుపు. తలుపు తీస్తే మెషిన్ ఆగాలి. తలుపుకున్న స్విచ్ కాస్త వదులుగా ఉండి, మెషిన్ అదురుకే తలుపు తెరుచుకున్నట్టు సిగ్నల్ ఇచ్చేది. లైను గంటకు మూడు నాలుగుసార్లు ఆగిపోయేది. ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు, పైవాళ్ల టెన్షన్. కొత్త స్విచ్ రావడానికి పది రోజులు పడుతుందన్నారు. అప్పుడు నేను ప్రోగ్రాంలో ఒక బిట్ పెట్టి, తలుపు ఎప్పుడూ మూసే ఉన్నట్టు రాసేశాను. పక్కన ‘తాత్కాలికం’ అని కామెంట్ కూడా పెట్టాను. కొత్త స్విచ్ వచ్చింది, బిగించారు. ఆ బిట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

మూడు వారాల తర్వాత నైట్ షిఫ్టులో ఒక పెట్టె ఇరుక్కుంది. ఫిట్టర్ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి పెట్టెను లాగాడు. పెట్టె కదలగానే సెన్సర్‌కి దారి దొరికింది, ప్రోగ్రాం తన తర్వాతి స్టెప్పుకి వెళ్లింది. వాల్వ్ ‘టక్’మన్న శబ్దం విని ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సిలిండర్ దూసుకొచ్చి గ్లవ్ వేళ్ల చివరలు పట్టుకుంది. గ్లవ్ అక్కడే ఉండిపోయింది, చెయ్యి బయటికొచ్చింది.

పొద్దున నేను వెళ్లేసరికి సూపర్‌వైజర్ లాగ్ ప్రింటు తీసి పెట్టుకుని ఉన్నాడు. “లాగ్‌లో తలుపు తీసినట్టే లేదు, అతనే ఏదో పొరపాటు చేసి ఉంటాడు” అన్నాడు. ఫిట్టర్ ఏమీ వాదించలేదు. మెషిన్ దగ్గరకి తీసుకెళ్లి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. “చూడండి సార్, ఇదిగో, తలుపు తీసే ఉంది. మరి అక్కడ మూసి ఉందంటోందేంటి?” అన్నాడు. తెర మీద పచ్చటి డబ్బాలో ‘తలుపు మూసి ఉంది’ అని వెలుగుతోంది.

ఆ పచ్చ డబ్బా నేను గీసిందే, దాని వెనకున్న అబద్ధమూ నేను రాసిందే. ఆ రోజు నాకు అర్థమైన సంగతి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. తెర మీద మనకు కనిపించేది యంత్రం గురించి ప్రోగ్రాం ఏమనుకుంటోందో అది. నిజంగా యంత్రం ఏం చేస్తోందో తెలియాలంటే ప్రోగ్రాంతో సంబంధం లేని సాక్షి ఇంకొకరు ఉండాలి. ఆ సాక్షి ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కావచ్చు, రెండో సెన్సర్ కావచ్చు, నైట్ షిఫ్టులో ఉన్న ఫిట్టర్ కావచ్చు. మనం డబ్బు మిగలాలనో, టైమ్ లేదనో ముందుగా తీసేస్తున్నది ఆ సాక్షులనే.

థెరాక్-25 పేరు మీలో చాలామంది కాలేజీలోనే విని ఉంటారు. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపు అమెరికా, కెనడాల్లో ఆరుగురికి విపరీతమైన డోసు ఇచ్చేసింది. మన పాఠాల్లో దాన్ని రేస్ కండిషన్‌కి, అంటే రెండు పనుల్లో ఏది ముందు అవుతుందన్న దాన్నిబట్టి వచ్చే తప్పుకి, ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. ఆ గదిలో ఏం జరిగిందో కూడా చెప్పాలని నేనంటాను.

1986 మార్చి. టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో ఒక ఆసుపత్రి. ఆపరేటర్ ఎలక్ట్రాన్ అని కొట్టాల్సిన చోట ఎక్స్‌రే అని కొట్టింది, వెంటనే చూసుకుని బాణం కీతో పైకి వెళ్లి దిద్దింది. అలవాటైన చెయ్యి, చకచకా అయిపోయింది. లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది, ఆ 8 సెకన్లలో జరిగిన దిద్దుబాటును ప్రోగ్రాం గమనించలేదు. తెర మీద మాత్రం దిద్దినట్టే చూపించింది. బీమ్ ఆన్ చేయగానే ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. ఆ 54 అంటే ఏంటో ఆపరేటర్ దగ్గరున్న మాన్యువల్‌లో లేదు. ఇవ్వాల్సిన 202 యూనిట్లలో 6 మాత్రమే వెళ్లాయని కూడా తెర చూపించింది. తక్కువ వెళ్లిందనుకుని, రోజూ చేసినట్టే కొనసాగించే కీ నొక్కింది. లోపల మనిషికి ఒళ్లంతా షాక్ కొట్టినట్టయి బల్ల మీంచి లేవబోతుంటే రెండోసారి తగిలింది. ఆ రోజు గదిలోని వీడియో కెమెరా కనెక్షన్ తీసి ఉంది, మైకు పనిచేయడం లేదు. బయట కూర్చున్న ఆపరేటర్‌కి ఉన్నది ఆ తెర ఒక్కటే. ఇవ్వాల్సింది 180 రాడ్‌లు (రేడియేషన్ డోసు కొలత). ఆయన ఒంట్లోకి 16,500 నుంచి 25,000 రాడ్‌లు వెళ్లి ఉంటాయని తర్వాత లెక్క తేలింది.

తయారీదారు ఇంజనీర్లు వచ్చి చూశారు. తప్పును మళ్లీ రప్పించలేకపోయారు. ఈ యంత్రం ఎక్కువ డోసు ఇవ్వడం సాధ్యమే కాదన్నారు. ఏప్రిల్లో యంత్రాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. కొద్ది రోజులకే అదే ఆపరేటర్, అదే అంకె 54, ఇంకో రోగి. ఆ ఇద్దరూ చనిపోయారు. చివరికి ఆ బగ్గు ఎవరు పట్టుకున్నారో తెలుసా? ఆసుపత్రిలోని ఫిజిసిస్టు, ఆ ఆపరేటరు. ఆ రోజు కీలు ఏ వరసలో, ఎంత వేగంగా నొక్కిందో గుర్తు చేసుకుంటూ, ఇద్దరూ కూర్చుని 54 వచ్చేదాకా మళ్లీ మళ్లీ కొట్టి చూశారు.

మన బగ్ లిస్టుల్లో ‘మళ్లీ రాలేదు, క్లోజ్ చేశాం’ అని ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. నావీ ఉన్నాయి.

ఆ కథలో నాకు మరీ బాధ కలిగించే సంగతి ఇంకొకటి. దాని ముందు మోడల్ థెరాక్-20 ప్రోగ్రాంలో కూడా ఇదే తప్పు ఉంది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ యంత్రంలో ప్రోగ్రాంతో పనిలేకుండా బీమ్‌ను ఆపే సర్క్యూట్లు ఉండేవి, తప్పు జరిగితే ఫ్యూజు పోయేది. జనం ఫ్యూజు మార్చుకుని పనిచేసుకున్నారు. 25 తయారుచేసినప్పుడు ఆ పనంతా ప్రోగ్రాం చూసుకుంటుంది కదా అని ఆ సర్క్యూట్లు తీసేశారు. ముందు మోడల్‌లో ఏమీ కాలేదు కాబట్టి ప్రోగ్రాం మంచిదే అనుకున్నారు. ప్రోగ్రాం పరువు కాపాడింది ఫ్యూజులేనని అప్పటికి ఎవరికీ తెలియదు.

అందుకే మొదటి విన్నపం. యంత్రాన్ని ఆపే దారి, దాన్ని నడిపే ప్రోగ్రాం గుండా వెళ్లకూడదు. ఎమర్జెన్సీ స్టాప్‌ని టచ్ స్క్రీన్ మీద ఎర్ర బొమ్మగా పెట్టి ‘బటన్ ఉంది’ అని చెక్‌లిస్టులో టిక్ కొట్టకండి. ఆ వైరు నేరుగా సేఫ్టీ రిలేకి, అక్కణ్నుంచి మోటారు కరెంటును కలిపే, తెంపే కాంటాక్టర్లకి వెళ్లాలి. పీఎల్‌సీ హ్యాంగ్ అయినా, నెట్‌వర్క్ పడిపోయినా, మోటారుకి కరెంటు ఆగాలి. ఆ బటన్‌లో నార్మల్లీ క్లోజ్డ్ (మామూలుగా కలిసే ఉండే) కాంటాక్టు వాడేది కూడా ఇందుకే. వైరు తెగినా, టెర్మినల్ ఊడినా, బటన్ నొక్కినట్టే లెక్క. ఇదేమీ కొత్త తెలివి కాదు. వెస్టింగ్‌హౌస్ 1870లలో రైళ్లకు పెట్టిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకులో పైపులో గాలి ఒత్తిడి ఉంటేనే బ్రేకులు వదులుతాయి. పైపు తెగినా, బోగీ విడిపోయినా బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇప్పటి కంప్యూటర్లు పుట్టకముందు వాళ్లకి తెలిసిన సంగతిని మనం కంప్యూటర్ వచ్చిందని మర్చిపోకూడదు.

‘ఇప్పుడు సేఫ్టీ పీఎల్‌సీలు వచ్చాయి కదా’ అంటారు. వచ్చాయి, మంచివే. ఒకే లెక్కను రెండు దారుల్లో చేసి పోల్చుకుంటాయి, తేడా వస్తే యంత్రాన్ని సురక్షిత స్థితికి తెస్తాయి. ఐఈసీ 61508 లాంటి అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలు వాటికి ఉన్నాయి. వాడండి. కానీ 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో సరిగ్గా అలాంటి సేఫ్టీ కంట్రోలర్ల మీదే దాడి జరిగింది. ట్రైటాన్ అని ఆ మాల్‌వేర్‌కి పేరు పెట్టారు. ఆ కంట్రోలర్‌కి నిజమైన తాళంచెవి ఉంటుంది. దాన్ని ‘రన్’లో పెడితే బయటినుంచి ప్రోగ్రాం మార్చడం కుదరదు. అది ‘ప్రోగ్రాం’ స్థానంలో వదిలేసి ఉంది. ఆ వార్త చదివినప్పుడు నాకు నా ‘తాత్కాలికం’ కామెంటే గుర్తొచ్చింది. ఎవరో ఏదో పని కోసం తిప్పి ఉంటారు, పని అయ్యాక మళ్లీ రన్‌లోకి తిప్పడం మర్చిపోయి ఉంటారు.

నేను పెట్టిన బిట్ లాంటి బైపాస్, అంటే రక్షణను తాత్కాలికంగా తప్పించడం, లేకుండా కమిషనింగ్ జరగదని నాకు తెలుసు. వద్దని చెప్పడం లేదు. దానికి గడువు పెట్టండి. షిఫ్టు అయ్యేసరికి దానంతటదే పోవాలి. ఉన్నంతసేపు తెర మీద అన్నిటికంటే పైన, పసుపు రంగులో, ఏ స్విచ్ బైపాస్‌లో ఉందో, ఎవరు పెట్టారో పేరుతో సహా కనిపించాలి. ఆ రాత్రి నా పేరు ఆ తెర మీద కనిపిస్తూ ఉంటే ఫిట్టర్ చెయ్యి లోపల పెట్టేవాడు కాదు.

ఇంకో మాట. నేను ఆ బిట్ పెట్టింది దుర్బుద్ధితో కాదు, స్విచ్ ఊరికే ట్రిప్ అవుతోందని, అంటే మెషిన్‌ను ఆపేస్తోందని. గంటకు నాలుగుసార్లు ఉత్తపుణ్యానికి ఆపే రక్షణను ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తీసేస్తారు. కాబట్టి ఊరికే వచ్చే ట్రిప్పును చిన్న చికాకుగా కాక, పెద్ద సేఫ్టీ లోపంగా లిస్టులో పైన రాయండి. వదులుగా ఉన్న ఆ స్విచ్ గురించి నేను మొదటి రోజే అలా రాసి ఉండాల్సింది.

రెండో సాక్షి సంగతికి వస్తాను. బోయింగ్ 737 మ్యాక్స్ విమానానికి, ఎదురొచ్చే గాలితో పోలిస్తే ముక్కు ఎంత పైకి ఉందో కొలిచే సెన్సర్లు రెండు ఉన్నాయి. ఎంకాస్ అనే ప్రోగ్రాం ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. ఆ ఒక్కటీ తప్పు చెప్పినప్పుడు, విమానం ముక్కు మరీ పైకి లేచిపోయిందనుకుని కిందికి దించుతూ పోయింది. పైలట్లు స్విచ్‌తో ముక్కును పైకి తెస్తే కాసేపు ఆగి మళ్లీ దించింది. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. రెండో సెన్సర్ అదే విమానానికి ఇంకో పక్కన ఉంది. దాని మాట అడిగినవాళ్లు లేరు. రెండు సెన్సర్లు బిగించడం సగం పనే. రెండింటి మాటా కలవనప్పుడు ఏం చేయాలో ముందే కూర్చుని రాసుకోవడం మిగతా సగం. డిజైన్ రివ్యూల్లో ఆ ప్రశ్న అడగండి. ‘అలా జరగదు’ అనే జవాబు వస్తే రివ్యూ అక్కడే ఆపండి.

సాక్షి మనిషి అయినప్పుడు మనం ఇంకా తేలిగ్గా తీసుకుంటాం. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఓహైయోలోని ఒక విద్యుత్ కంపెనీ కంట్రోల్ రూములో అలారం ప్రోగ్రాం ఒక బగ్గు వల్ల మధ్యాహ్నం చప్పుడు లేకుండా చచ్చిపోయింది. తెర మామూలుగానే ఉంది. అలారాలు రావడం లేదంటే అంతా బాగుందనుకున్నారు. బయట ఒక్కొక్క లైనూ పడిపోతుంటే ఇతర కంపెనీల వాళ్లు, వినియోగదారులు ఫోన్లు చేసి చెప్పారు. తెర మీద ఏమీ లేదు కాబట్టి ఆ ఫోన్లకు ఉండాల్సినంత విలువ ఇవ్వలేదు. అలా గంటకు పైగా గడిచింది. మా సూపర్‌వైజర్ లాగ్ కాగితం పట్టుకుని ఫిట్టర్ మాట కొట్టేసినప్పుడు కూడా జరిగింది ఇదే. అలారం సిస్టమ్ బతికే ఉందని చెప్పే గుండె చప్పుడు లాంటి సిగ్నల్ ఒకటి వేరేగా ఉండాలి, అది ఆగితే మోత మోగాలి. ఆపరేటర్ చెప్పిన మాటను మీ భాషలోకి మార్చకుండా, ఆయన అన్నది అన్నట్టుగా రిపోర్టులో మొదటి వాక్యంగా రాయండి.

టెస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. ఒక్కటే అడుగుతాను. మీ ప్రోగ్రాంను ఆపకుండా ఎన్నాళ్లు నడిపి చూశారు? 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ రక్షణ వ్యవస్థ వస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. సెకనులో పదో వంతును కంప్యూటర్ వాడే బైనరీలో, అంటే 0, 1 అంకెల్లో, సరిగ్గా రాయలేం. ఆ చిటికెడు తేడా 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 0.34 సెకన్లు అయింది. క్షిపణి అంతసేపట్లో అర కిలోమీటరు దాటిపోతుంది. దిద్దిన ప్రోగ్రాం అక్కడికి చేరింది మర్నాడు. 2015లో బోయింగ్ 787 గురించి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం కూడా ఇలాంటిదే. 248 రోజులు ఆపకుండా కరెంటు ఇస్తే జనరేటర్ కంట్రోల్ యూనిట్లలోని కౌంటర్ నిండిపోయి, కరెంటు మొత్తం పోయే ప్రమాదం ఉందని తేలింది. ఇది ల్యాబ్‌లోనే పట్టుబడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ల్యాబ్‌కి ఇచ్చిన ఆ టైము వృథా అయిందని ఎవరంటారు?

యంత్రం ఆగితే చాలు, అందరూ క్షేమం అనే అలవాటు ఫ్యాక్టరీలో పనిచేసే నాలాంటివాళ్లకి ఉంటుంది. అదీ అన్నిచోట్లా నిజం కాదు. వెంటిలేటర్ ఆగకూడదు. గుండెకి సంబంధించిన మందు ఎక్కించే పంపు ఉన్నట్టుండి ఆగితే అదే ప్రాణం మీదికి తెస్తుంది. గాల్లో ఉన్న విమానానికి ‘స్టాప్’ లేదు. మీ యంత్రానికి సురక్షిత స్థితి అంటే ఏంటి అన్నది ప్రోగ్రాం రాసేవాళ్లు ఒక్కరే తేల్చే విషయం కాదు. నర్సును, డ్రైవర్‌ను, ఫిట్టర్‌ను కూర్చోబెట్టి అడగాలి. నా అనుభవంలో ఆ ఒక్క మీటింగుతో దొరికిన తప్పులు నెల రోజుల కోడ్ రివ్యూలో దొరకలేదు.

ఇప్పుడు డేటా నుంచి నేర్చుకునే ఏఐ మోడళ్లను కూడా కంట్రోల్‌లోకి తెస్తున్నారు. వద్దనే హోదా నాకు లేదు, ఉపయోగాలున్నాయి. కానీ 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను తనంతట తాను నడిచే పరీక్ష కారు ఢీకొని చంపింది. 5 సెకన్లకు పైగా ముందే ఆమెను కారు చూసింది. ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి ఇంకేదో వస్తువు అనుకుంది, ఒకసారి సైకిల్ అనుకుంది. అనుకున్నది మారిన ప్రతిసారీ అప్పటిదాకా ఆమె నడిచిన దారిని లెక్కలోంచి తీసేసింది. ఆ కారుకి ఫ్యాక్టరీలోనే అమర్చిన ఆటోమేటిక్ బ్రేకు వ్యవస్థ ఉంది. కంప్యూటర్ నడుపుతున్నప్పుడు అది పనిచేయకుండా ఆపి ఉంచారు. థెరాక్-25లో ఆ సర్క్యూట్లు తీసేసిన పనికీ దీనికీ తేడా నాకు కనిపించలేదు. మోడల్ ఎంత తెలివైనదైనా పెట్టండి. దాని పక్కన తెలివి అక్కర్లేని, చదవడానికి ఒక పేజీ పట్టే, వేగమూ దూరమూ తప్ప ఇంకేమీ తెలియని కాపలా ఒకటి ఉంచండి. మోడల్ మాట ఆ కాపలాను దాటకూడదు.

మేనేజర్లకు ప్రత్యేకంగా ఒక మాట. డెలివరీ తేదీ దగ్గరపడ్డప్పుడు మొదట కోత పడేది టెస్టింగ్ రోజులకే. ఆ కోత మీద మీ సంతకం ఉండాలి. నోటిమాటతో ‘చూసుకోండి’ అని వెళ్లిపోతే ఆ బరువు రాత్రి షిఫ్టులో ఉన్నవాడి మీద పడుతుంది. నా బైపాస్ గురించి నేను ఎవరినీ రాతపూర్వకంగా అడగలేదు, నన్నూ ఎవరూ రాతపూర్వకంగా అడగలేదు. అడిగి ఉంటే నేను పది రోజులు లైను నెమ్మదిగా నడపమని రాసేవాడిని, మీరు బహుశా ఒప్పుకునేవారు.

చివరిగా ఒక పని అడుగుతున్నాను. వచ్చే వారం మీ ప్రోగ్రాం నడిపే యంత్రం దగ్గరకు వెళ్లండి. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, దాన్ని రోజూ నడిపే మనిషిని పక్కన నిలబెట్టుకుని, సేఫ్టీకి సంబంధించిన సెన్సర్ వైరు ఒకటి ఊడదీయించండి. యంత్రం వైపు చూడండి, తర్వాత తెర వైపు చూడండి. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఆ యంత్రాన్ని అక్కడే ఆపించి, పక్కనున్న మనిషిని ఇలా ఇంతకుముందు ఎన్నిసార్లు అయిందో అడగండి.

ఇట్లు,
ఒక కంట్రోల్ ఇంజనీర్